గోటికి తెలిసే అరుగుదల

ఆ శుక్రవారం పొద్దు వాలుతుండగా సంగయ్య, నర్సింహ తెచ్చిన ఓమ్నీ వ్యానులో ముందు సీటు ఎత్తి, ఇంజను మీద మూత బిగించి స్టార్టు చేశాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి అదుముకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత సీటు కిందికి దించి, చేత్తో దులిపి, "ఇగ తోలుకపో" అన్నాడు. చక్కెర లేని చాయ్ ఒకటి తాగి, దాన్ని చాయ్ అని పేరుపెట్టినవాణ్ణి తిట్టి, షెడ్డు షట్టరు లాగి తాళం వేశాడు.

అంతే. శనివారం తెల్లవారుతుండగా ఇంటి ముందు నల్లా కింద బిందె పెట్టి, నీళ్లు నిండేదాకా నిలబడ్డవాడు అలాగే గోడకు జారి కూర్చుండిపోయాడు. ముత్యమ్మ బయటికొచ్చేసరికి బిందె పొంగి వాకిలంతా తడిసి ఉంది. నల్లా కట్టకుండా కూర్చున్నాడని ఆమె అరిచింది. రెండుసార్లు అరిచింది. మూడోసారి దగ్గరికి పోయి భుజం పట్టుకుంది. ఆటోలో ఆసుపత్రికి చేర్చాక డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. షుగరు ఉన్నవాళ్లకు గుండె నొప్పి తెలియకుండానే ప్రాణం పోతుందమ్మా అన్నాడు.

అప్పటికి సంగయ్యకు నలభై ఆరేళ్లు. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటగానే బొంబాయి రోడ్డు పక్కన అతని రేకుల షెడ్డు. వెనకాలే రెండు గదుల ఇల్లు. తండ్రి పరాయి పొలాల్లో కూలి చేసి బతికినవాడు. సంగయ్య ఎనభై మూడులో పటాన్‌చెరుకు వచ్చి, నీళ్ల పంపులు చేసే ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ల కింద ఇనప రజను ఊడ్చే పనికి కుదిరాడు. అక్కడి టూల్‌రూము ఫోర్‌మన్ త్రినాథరావు, కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఒకరోజు ఈ ఊడ్చేవాడు పారేసిన షాఫ్టు ముక్కలను ఏరుకుని బొటనవేలితో తడుముతూ ఉండటం చూశాడు. ఏం వెతుకుతున్నావురా అని అడిగితే, ఎందుకు పారేసిండ్రో సూస్తున్న సార్ అన్నాడట. ఆ జవాబుకే త్రినాథరావు అతని చేతికి వెంట్రుకంత తేడా కొలిచే మైక్రోమీటరు ఇచ్చాడు. ఆరేళ్లు పోయాక ఫ్యాక్టరీ మూతపడింది గాని, ఆ మైక్రోమీటరూ ఆ ఉస్తాదూ సంగయ్యతోనే ఉండిపోయారు.

షెడ్డు పెట్టిన కొత్తలో జీపులు, తర్వాత మారుతీ బండ్లు వచ్చాయి. సంగయ్యకు ఇంజను పని అంతా వచ్చు. కానీ రోడ్డు మీద అతనికి పేరు తెచ్చింది ఒక్క పని. బాగా తిరిగిన ఇంజను విప్పి, అందులో క్యామ్ షాఫ్టును బయటికి తీసి, ఇది ఇంకా పనికొస్తుందా, మార్చాలా అన్నది చెప్పడం. షాఫ్టంటే మూరెడు ఇనప కడ్డీ. దాని మీద కోడిగుడ్డును అడ్డంగా కోసినట్టు ఉబ్బెత్తు భాగాలుంటాయి. కడ్డీ తిరిగినప్పుడు ఆ ఉబ్బులు వాల్వులను తెరుస్తాయి. సంగయ్య వాటిని గుడ్లు అనేవాడు. మిగతా షెడ్లలో లక్షన్నర కిలోమీటర్లు దాటిన బండి వస్తే చాలు, ఏమీ చూడకుండా షాఫ్టు మార్చమనేవారు. సంగయ్య అలా అనేవాడు కాదు.

"రెండు లక్షలు తిరిగినంక అరగకుంటదా? అరుగుతది. మెరుస్తది. సన్నటి గీతలు వడ్తయి. గది జబ్బు గాదు," అని చెప్పేవాడు బండి ఓనర్లకు. "ఆరు గుడ్లు ఒక్క తీరుగ అరిగితె వయసైనట్టు. ఐదు మంచిగుండి ఒక్కటి అరిగితె పరేషాన్ గావాలె."

ఆ తేడా కనిపెట్టడానికి అతనికి రెండు పనిముట్లు. ఎత్తుకు మైక్రోమీటరు. పైపొరకు బొటనవేలి గోరు. గుడ్డు మొన మీద గోరు అడ్డంగా లాగితే, మామూలు అరుగుదల అయితే జారిపోతుంది. గట్టిపొర చిట్లి ఎక్కడైనా పొక్కు లేస్తే అక్కడ ఆగుతుంది. మొదట్లో ఆ పొక్కు కంటికి ఆనదు, మైక్రోమీటరుకూ దొరకదు. గోటికి తెలుస్తుంది.

రెండువేల ఒకటి ఎండాకాలంలో ఒకరోజు ముత్యమ్మ షెడ్డులో కిరసనాయిలు తొట్టి ముందు కూర్చుని సామాన్లు కడుగుతోంది. చర్మం మాడిన వాసన వచ్చింది. తలెత్తి చూస్తే సంగయ్య ఎడమచేయి అప్పుడే ఆపిన ఇంజను సైలెన్సరు గొట్టం మీద ఉంది. అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆమె లేచి చేయి లాగేసింది. ఆ సాయంత్రం అతను పది వేళ్లూ ఆమె ముందు చాపి, ఏడాదిగా వీటికి ఏం తెలుస్తలేదే అన్నాడు. షుగరు అని అప్పుడే బయటపడింది. మందులు మొదలయ్యాయి. వేళ్లకు మాత్రం స్పర్శ తిరిగి రాలేదు.

అప్పటినుంచి ముత్యమ్మ గోరే అతని గోరైంది. ఈ సంగతి ఇద్దరికే తెలియాలనేది ముత్యమ్మ పట్టు. చేతికి తెలియని మేస్త్రీ దగ్గరికి ఎవరొస్తారు? అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఓనరు ఎదురుగా సంగయ్యే మైక్రోమీటరుతో కొలిచేవాడు. బిగిసినప్పుడు దాని పిడి టక్ టక్‌మంటుంది కాబట్టి ఆ కొలత వేళ్లతో కాకుండా చెవితో అయిపోయేది. తర్వాత తన గోరు కూడా ఒకసారి లాగినట్టు చేసి, కడుగు అని షాఫ్టును ఆమెకు ఇచ్చేవాడు. ఆమె తొట్టిలో కడుగుతూ ఒక్కో గుడ్డు మీద గోరు లాగేది. మంచిదైతే తుడిచి తెల్లగుడ్డ మీద పెట్టేది. కాకపోతే తొట్టిలోనే వదిలేది. అతను అటు ఒక చూపు చూసి ఓనరుకు తీర్పు చెప్పేవాడు. రెండేళ్లపాటు ఎన్నో బండ్లు అలాగే దాటాయి. ఆమె బొటనవేలి గోరును నిటారుగా కత్తిరించుకుని, పసుపు కూడా ఆ వేలికి అంటకుండా చూసుకునేది.

ఇక ఆ శుక్రవారం. పరగడుపున రక్తపరీక్షకు పోవాలని ముత్యమ్మ వారం ముందు నుంచి పోరుతోంది. రెండుసార్లు వాయిదా పడింది. ఈసారి అతన్ని పొద్దున్నే లేపి, కొత్త చొక్కా తొడిగించి, తానూ చీర మార్చుకుని బయల్దేరబోతుంటే నర్సింహ ఓమ్నీ వచ్చి ఆగింది. నర్సింహ సుల్తాన్‌పూర్ రైతు. పొలం కొంత పోయాక ఆ వ్యాను కొని, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు షిఫ్టు మనుషులను తిప్పుతున్నాడు. వ్యాను మీటరు రెండుసార్లు సున్నాలకొచ్చి మళ్లీ మొదలైంది. ఇల్లంతా ఆ ఒక్క బండి మీదే నడుస్తోంది. పైన టిక్ టిక్ అంటున్నది అన్నా, రేపు పొద్దుగాల షిఫ్టుకు బండి గావాలె అన్నాడు. ముత్యమ్మ చెప్పులు వేసుకునేలోపే సంగయ్య నర్సింహ టిఫిన్ డబ్బా విప్పించి రెండు జొన్నరొట్టెలు తినేశాడు. ఇక పరీక్ష లేదు.

"సచ్చినంక సూపిచ్చుకుంటవా రక్తం?" అంది ముత్యమ్మ.

"అప్పుడైతె పరగడుపే ఉంట," అన్నాడు సంగయ్య. నర్సింహ నవ్వాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజంతా వాళ్లిద్దరితో మాట్లాడలేదు. మధ్యాహ్నం షాఫ్టు చేతికి వచ్చినప్పుడు తొట్టిలో ముంచి, మొదటి గుడ్డు మీద గోరు లాగింది. రెండోది, మూడోది. ఆ తర్వాత కడ్డీని గబగబా తుడిచి గుడ్డ మీద పడేసింది. సంగయ్య అంతకుముందే ఆరూ కొలిచి ఉన్నాడు, ఆరూ సమానం. "మంచిగుంది తమ్మీ. వయసుకు అరిగింది, గంతే," అని నర్సింహకు చెప్పి, వాల్వుల మీది సందులు సరిపోయేలా టాపెట్లు సరిచేసి మూత బిగించాడు.

చావు ఇంట్లో మనుషుల మధ్య కూర్చున్నప్పుడు ముత్యమ్మకు ఇదంతా జ్ఞాపకం లేదు. మూడోరోజు పిట్టకు ముద్ద పెట్టి వచ్చాక, మధ్యాహ్నం రెండున్నరకు రోడ్డు మీద ఓమ్నీ హారను వినిపించింది. గొంతు జీరపోయినట్టు ఉండే ఆ హారను నర్సింహదే. అప్పుడు గుర్తొచ్చింది. మూడో గుడ్డు దాకా గోటి కింద ఇనుము జారడం గుర్తుంది. నాలుగు, ఐదు, ఆరు గుర్తులేవు. ఎంత వెతుక్కున్నా లేవు.

అప్పటినుంచి ఆమె కూర్చున్న చోట కూర్చోలేదు. పొద్దున అయిదుంపావుకు వ్యాను మనుషులను నింపుకుని పటాన్‌చెరు వైపు పోతుంది. ఆరున్నరకు రాత్రి షిఫ్టు వాళ్లతో తిరిగొస్తుంది. మధ్యాహ్నం ఒకటిన్నరకు ఒకసారి, రెండున్నరకు ఒకసారి. ఆ వేళలకు ఆమె పొయ్యి మీద అన్నం వదిలేసి గడప దగ్గరికి వచ్చేది. లారీల మోతలో టిక్ టిక్ వినపడుతుందా అని చెవి రిక్కించేది. వినపడినట్టే ఉండేది. రెండోపూట వినపడనట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం వ్యాను రానే లేదు. మూడయింది, మూడున్నరయింది. ఇంజను ఆగి రోడ్డు మధ్యలో పన్నెండు మంది కూలీలు దిగి నిలబడ్డట్టు, ఎవరు చేసిండ్రు బండి అని ఎవరో అడిగినట్టు, సంగయ్య అని నర్సింహ చెప్పినట్టు ఆమె కళ్లకు కట్టింది. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు లేదని మరునాడు తెలిసింది.

తొమ్మిదోరోజు దినాలు చేశారు. చుట్టాలు వెళ్లిపోయారు. సంగయ్య అక్క పోశమ్మ మాత్రం తోడుగా ఉండిపోయింది. ఆమె ఈ తిరుగుడు గమనించి ఊరుకోలేకపోయింది.

"ఏంది పిల్లా, ఇంట్ల కూసోవు, బయటికి వోవు, గడపల నిలవడ్తవు. వాడు ఏ బండ్లన్న దిగి వస్తడనుకుంటున్నవా?"

ముత్యమ్మకు చెప్పాలనిపించింది. చెబితే మొదటినుంచి చెప్పాలి. వేళ్ల సంగతి చెప్పాలి. అతను ఇరవై ఏళ్లు ఊడ్చి, తుడిచి, కొలిచి సంపాదించుకున్న పేరు తన నోటితోనే తీసేసినట్టవుతుంది. చెప్పకపోతే అతను చెప్పిన ఆఖరి మాట అబద్ధమై రోడ్డు మీద తిరుగుతోంది. నర్సింహను పిలిచి మళ్లీ విప్పించమంటే, ఎందుకు వదినా అని అడుగుతాడు. ఏం చెప్పాలి? రోజూ ఇదే. చీపురు పట్టుకుంటే ఇదే, బట్టలు పిండుతుంటే ఇదే. బొటనవేలి గోరు పళ్లతో కొరికి కొరికి సగానికి తెచ్చుకుంది.

మాసికం అయ్యేదాకా గడప దాటొద్దని పెద్దవాళ్లు చెప్పి పోయారు. పందొమ్మిదో రోజున, పోశమ్మ కూరగాయలకు పోయినప్పుడు, ముత్యమ్మ కొంగు నెత్తిన కప్పుకుని చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కింది. పటాన్‌చెరులో త్రినాథరావు ఇల్లు ఆమెకు తెలుసు. రిటైరైన ముసలాయన వరండాలో పేపరు చదువుకుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆమె మెట్టు మీదే కూర్చుని, తల ఎత్తకుండా, సైలెన్సరు గొట్టం నుంచి తెల్లగుడ్డ దాకా అంతా చెప్పింది. అంతా విన్నాక ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముందు చూద్దాం అమ్మా," అన్నాడు. "చూడకుండా తప్పు చేశానని ఏడవటం కూడా గుడ్డి తీర్పే."

నర్సింహకు ఆయనే కబురు పెట్టాడు. సంగయ్య చేసిన ఆఖరి బండి కదా, ఒకసారి నేను చూస్తాను అన్నాడు. ఆదివారం పొద్దున నర్సింహ వ్యాను తెచ్చి షెడ్డు ముందు పెట్టాడు. ముత్యమ్మ ఇరవైమూడు రోజుల తర్వాత షట్టరు ఎత్తింది. లోపల నూనె వాసన అలాగే ఉంది. అతని లుంగీ ముక్క మేకుకు వేలాడుతోంది. అటు చూడకుండా పోయి తొట్టిలో కిరసనాయిలు పోసింది.

త్రినాథరావు చేతులు వణుకుతాయి గాని పని తెలిసిన చేతులు. ఆయన చెబుతుంటే నర్సింహే నట్లు విప్పాడు. షాఫ్టు బయటికి వచ్చింది. ముసలాయన సంగయ్య మైక్రోమీటరు అడిగి తీసుకుని ఒక్కో గుడ్డు కొలిచాడు. పిడి టక్ టక్‌మన్నప్పుడల్లా ముత్యమ్మ ఒకటి, రెండు అని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

"ఎత్తులన్నీ సమానమే," అన్నాడు చివరికి. "సంగయ్య కొలతలో తప్పు లేదు."

ముత్యమ్మ తెల్లగుడ్డ పరిచింది. ఆయన మాత్రం షాఫ్టును కింద పెట్టలేదు. వెలుతురుకు తిప్పి చూసి, తన కళ్లకు ఆనడం లేదని, తన గోళ్లు ముసలివైపోయాయని, ఆమెనే చూడమన్నాడు. ముత్యమ్మ వెనక్కి జరిగింది. నా గోరు గూడ వోయింది సారు అని వేలు చూపించింది. ఎడమచేతిది ఉంది కదా అన్నాడాయన.

ఆమె కూర్చుంది. షాఫ్టును ముంచి కడిగింది. ఒకటి జారింది. రెండు, మూడు జారాయి. నాలుగో గుడ్డు మొన మీద గోరు ఆగింది. మళ్లీ లాగింది. మళ్లీ అక్కడే ఆగింది, పక్కటెముక మీద పుండు తగిలినట్టు. ఐదు, ఆరు జారాయి. ఆమె షాఫ్టును బయటికి తీయలేదు. తొట్టిలోనే వదిలేసింది.

త్రినాథరావు భూతద్దం పెట్టి చూశాడు. నువ్వుగింజంత చోట మెరుపు పోయి గరుకుగా ఉంది. గట్టిపొర చిట్లడం మొదలైంది అన్నాడు. ఇంకొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే పొరలు లేచి, ఆ రజను నూనెలో కలిసి ఇంజనంతా పాకేది. ఇప్పటికి షాఫ్టు మారిస్తే చాలు, ఇంజనుకేం కాలేదు.

"ఇది ఆ దినమే ఉండెనా సారు?" అంది ముత్యమ్మ.

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. "ఉండే ఉంటుందమ్మా. మూడు వారాల్లో పుట్టేది కాదు."

నర్సింహ పాత టైరు మీద కూర్చుని వింటున్నాడు. ముత్యమ్మ అతని వైపు తిరిగింది. చేతులనుంచి కిరసనాయిలు కారుతోంది. తుడుచుకోలేదు.

"తమ్మీ, తప్పు ఆయనది గాదు. నాది. ఆయన వేళ్లకు రెండు మూడేండ్ల సంది ఏం తెలుస్తలేకుండె. షాఫ్టులన్ని నేనే సూస్తుంటి. ఆ దినం కోపం మీద మూడు సూసి, మూడు సూడలే. సూసిన అన్నట్టు గుడ్డ మీద వెట్టిన. గాయనను ఏమనకు. ఎవలన్న అడిగితె నా పేరు చెప్పు."

నర్సింహ లేచి నిలబడ్డాడు. త్రినాథరావు వైపు చూసి, మళ్లీ కూర్చున్నాడు.

"వేళ్ల సంగతి నాకెరుకే వదినా," అన్నాడు. "అందరికెరుకే. అన్ననే చెప్తుండె. మా ముత్య సూసింది, ఇగ నువ్వు ఫికర్ వెట్టుకోకు అంటుండె. నీ ముందట అనొద్దు, ఆమెకు నచ్చదు అనేటోడు. గందుకే మేమెవ్వలం నీతోని అనలే."

ముత్యమ్మ అతన్నే చూస్తోంది.

"ఆ దినం బండి ఇచ్చేటప్పుడు గూడ అన్నడు," అని నర్సింహ నేల చూస్తూ చెప్పాడు. "ఇయ్యాల మీ వదిన నా మీద కోపంల ఉంది, సరిగ సూడలే. కోపంల మల్ల సూడమంటె ఇంకింత బాధ వడ్తది. జెర నెమ్మదిగ తోలు, ఎల్లుండి గాదు, వచ్చే ఐతారం తీస్కరా, మల్ల విప్పి ఆమెతోనే సూపిస్త అన్నడు."

ఆ వచ్చే ఐతారమే సంగయ్య దినాలు పడ్డాయి. నర్సింహ ఆ పొద్దున వ్యాను తెచ్చాడట. షెడ్డు ముందు కాసేపు ఆపి, తాళం చూసి, ఇంటి వెనకాల పందిట్లోకి వచ్చి అందరితో పాటు విస్తరి ముందు కూర్చుని తిని వెళ్లాడట. అతనికి అన్నం వడ్డించింది ముత్యమ్మే.